సంతలో ఉప్పు, పంచదార

అరకు వారపు సంతకు కింద నుంచి కొండెక్కి వచ్చే సరుకుల్లో ఉప్పు ఉంటుంది, పంచదార ఉంటుంది. పదో తరగతి రసాయన బంధం పాఠాన్ని ఆ రెంటితోనే మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం. రెండూ తెల్లని పలుకులే, నీళ్లలో ఇట్టే కరిగేవే. లోపలి కట్టుబడి మాత్రం వేరు.

ఉప్పులో సోడియం తన ఎలక్ట్రానును క్లోరిన్‌కు ఇచ్చేస్తుంది. ఇచ్చినది ధనావేశంతో, పుచ్చుకున్నది రుణావేశంతో ఒకదాన్నొకటి లాక్కుంటూ బారులు తీరుతాయి. ఇది అయానిక బంధం. పంచదారలోని కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను ఉమ్మడిగా ఉంచుకుంటాయి. ఇది సమయోజనీయ బంధం. మొదటిదాన్ని కోసెల్, రెండోదాన్ని లూయిస్ అనే శాస్త్రవేత్తలు 1916లోనే వివరించారు.

గరిటెలో కాస్త పంచదార వేసి పొయ్యి మీద పెట్టండి. కరిగి, ఎర్రబడి, చివరికి మాడి బొగ్గవుతుంది. ఉప్పు వేస్తే చిటపటలాడుతుంది. అది పలుకుల్లో చిక్కిన నీటి చప్పుడు, అంతే. ఉప్పు కరగాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. పంచదారలో అణువు లోపలి బంధాలు గట్టివే అయినా, అణువుకీ అణువుకీ మధ్య పట్టు తక్కువ. అందుకే కొద్ది వేడికే సడలిపోతుంది.

ఈ సడలిపోయే గుణం మీదే ఒక కళ బతుకుతోంది. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తుతారు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రను పట్టేస్తుంది, తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. లక్క సమయోజనీయ పదార్థం. ఉప్పు లాంటి అయానిక లవణం ఆ రాపిడికి అలా లొంగదు.

రెండో పరీక్ష కరెంటు. టార్చి బ్యాటరీలు రెండు, చిన్న ఎల్‌ఈడీ చాలు. ఇంట్లో ప్లగ్గు జోలికి మాత్రం పోవద్దు. ఉప్పునీటిలో తీగలు ముంచితే దీపం వెలుగుతుంది, పంచదార నీటిలో వెలగదు. పొడి ఉప్పులోనూ వెలగదు, అక్కడ అయాన్లకు కదిలే వీలు లేదు. ఇక్కడ పంచదారకు బదులు అనకాపల్లి బెల్లం వాడితే పిల్లలు తికమకపడతారు. బెల్లంలో ఖనిజ లవణాలుంటాయి కనుక ఆ నీరు కొంత కరెంటును పోనిస్తుంది.

లోహం, అలోహం కలిస్తే అయానికం, రెండూ అలోహాలైతే సమయోజనీయం అన్న సూత్రం చాలావరకు పనికొస్తుంది. కళాయి పూసేవారి నవసాగరం (అమ్మోనియం క్లోరైడ్) దగ్గర అది తప్పుతుంది. అందులో లోహమే లేదు, అయినా అది అయానికమే.

నీళ్లలో కరగడం అయానిక బంధానికి గుర్తు కాదనడానికి బొర్రా గుహలకు మించిన సాక్ష్యం లేదు. ఆ సున్నపురాయి కాల్షియం కార్బనేట్, అయానిక పదార్థం. మామూలు నీటిలో దాదాపు కరగదు. వాననీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని స్వల్పంగా ఆమ్లమైతేనే రాయి కరిగి నీటితో దిగుతుంది. గుహ కప్పున వేలాడే చుక్కలోంచి ఆ వాయువు వెళ్లిపోగానే కరిగినది మళ్లీ రాయై పేరుకుంటుంది. ఆ రాతిలో కాల్షియానికీ కార్బనేట్‌కూ మధ్య అయానిక బంధం, కార్బనేట్ లోపల కార్బన్‌కూ ఆక్సిజన్‌కూ మధ్య సమయోజనీయ బంధం. టార్చి వెలుగులో మనం చూసే ఒక్కో ఊడలో రెండూ ఉన్నాయి.