తెలివికి తూకపురాళ్ళు

"అక్కా, వీడికి ఎనభై ఎనిమిదేనట!" అంటూ మా చెల్లెలు ఫోన్లో ఏడ్చింది.

మా ఇంట్లో అంకెలు చెప్పి ఏడ్చేది జబ్బులకే. "రక్తపోటేనా? కింది అంకె అయితే భయంలేదులే" అన్నాను.

"రక్తపోటు కాదక్కా! ప్రజ్ఞాలబ్ధి! ఐక్యూ!" అని మళ్ళీ రాగం అందుకుంది.

కుర్రాడికి తొమ్మిదేళ్ళు. బళ్ళో ఎవరో కూర్చోబెట్టి పరీక్ష పెట్టారు. ఆ బడి పేరెందుకు లెండి. ఆ పరీక్షలో సగటు నూరట. మావాడికి పన్నెండు తక్కువ. ఆ కాగితం ఇంట్లో అడుగుపెట్టిన రోజునుంచీ లెక్క తప్పితే "అందుకే", పాలు ఒలికిస్తే "అందుకే". వాడికి నేర్పుదామని కొన్న చదరంగం పెట్టె అటకెక్కింది. సెలవులకు నెల్లూరు వచ్చినప్పుడు రాత్రి నా పక్కన పడుకుని, "పెద్దమ్మా, నేను ఎనభై ఎనిమిది కదా, నాకు కథలు అర్థమవుతాయా?" అని అడిగాడు.

కథలు రాసుకుని బతికేదాన్ని. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అసలీ అంకె కథేమిటో చూద్దామని పుస్తకాలు ముందేసుకున్నాను. బి.ఏ. దాన్ని, సైన్సు నా సొత్తు కాదు. కానీ ఎవరు ఏ కథ చెప్పినా అందులో ఎవర్ని వదిలేశారో పట్టుకోవడం నా వృత్తి.

కథ మొదలుపెట్టినవాడు మంచివాడే. పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే అనే ఆయన, సైమన్ అనే సహచరుడితో కలిసి 1905లో మొదటి పరీక్ష తయారుచేశాడు. ఎందుకు? బళ్ళో వెనకబడే పిల్లల్ని గుర్తించి వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పడానికి. తెలివి ఇంతే, ఇక పెరగదు అనేవాళ్ళ మీద ఆయన 1909లోనే కోప్పడ్డాడు కూడా. అంటే ఎవరికి ఇంకో ముద్ద ఎక్కువ పెట్టాలో తెలుసుకోడానికి పుట్టిన గరిటె ఇది. దాన్నే మనం విస్తరి లాగెయ్యడానికి వాడుతున్నాం.

పరీక్ష ఒట్టి బూటకం అని మాత్రం నేననను. బడి చదువుకూ ఈ అంకెకూ చుట్టరికం ఉంది. లెక్కలవాళ్ళు దాన్ని సుమారు 0.5 అంటారు. పూర్తిగా కలిస్తే 1, అసలు కలవకపోతే సున్నా. ఆ లెక్కన పిల్లలకు వచ్చే మార్కుల్లోని తేడాలో పావువంతు సంగతి ఈ అంకె చెబుతుంది. మిగిలిన ముప్పాతిక ఇంకెక్కడో ఉంది. సంపాదన దగ్గరికొచ్చేసరికి ఈ చుట్టరికం మరీ పలచన.

ఇక పెద్ద కథ. అమెరికాలో లూయిస్ టెర్మన్ అనే ప్రొఫెసరు 1921లో కాలిఫోర్నియా బళ్ళు గాలించి, మంచి అంకెలు వచ్చిన పదిహేను వందల మందికి పైగా పిల్లల్ని ఏరుకున్నాడు. వాళ్ళు పెద్దవాళ్ళై, పెళ్ళిళ్ళై, జుట్టు నెరిసేదాకా వెంటబడి సంపుటాల మీద సంపుటాలు అచ్చువేశారు. మొదటిది 1925లో, అయిదోది 1959లో. అప్పటికి ఆయనే లేడు. మన సీరియల్ రచయిత్రులెవరికీ అంత ఓపిక లేదు!

నవలగా చూస్తే నాయకులు బాగానే బతికారు. డాక్టర్లు, లాయర్లు, ప్రొఫెసర్లు అయ్యారు. కానీ ఒక చమత్కారం జరిగింది. అంకె చాలలేదని ఆనాడు వెనక్కి పంపేసిన పిల్లల్లో ఇద్దరు, షాక్లీ, అల్వారెజ్, తర్వాత భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతులు అందుకున్నారు. 1956లో ఒకరు, 1968లో ఒకరు. ఏరుకున్నవాళ్ళలో ఒక్కరికీ ఆ బహుమతి రాలేదు.

అంతకన్నా నాకు నచ్చిన ఘట్టం ఇంకోటుంది. టెర్మన్ తన మగపిల్లల్లో బాగా పైకొచ్చిన నూటయాభై మందినీ, అంతగా రాణించని నూటయాభై మందినీ పక్కపక్కన నిలబెట్టాడు. చిన్నప్పటి అంకెల్లో పెద్ద తేడా లేదు. తేడా వచ్చినవి పట్టుదలలో, తనమీద తనకున్న నమ్మకంలో, పుట్టిన ఇంట్లో ఉన్న చదువులో.

"మగపిల్లల్లో" అన్నాను, గమనించారా? విజయాన్ని తూచింది మగవాళ్ళకే. అంతే తెలివైన ఆడపిల్లలు వందలమంది ఉన్నారు ఆ పుస్తకంలో. చాలామంది గృహిణులయ్యారు. వాళ్ళకు మాత్రం ఆ తక్కెడ లేదు. ఇంతా చేసి, ప్రపంచంలో సగం కథ రాయకుండా పుస్తకం మూసేస్తే, విమర్శకురాలిగా నేను దానికి ఎన్ని మార్కులు వెయ్యను?

ఆ సెలవుల్లోనే వాణ్ణి మైపాడు తీసుకెళ్ళాను. ఒడ్డున పడవలొచ్చాయి, వేలంపాట అయింది. నలుగురాడవాళ్ళు కలిసి ఒక రాశి పాడుకున్నారు. అందులో పెద్దామె, వేలిముద్ర మనిషేనట, ఇసకలో గొంతుక్కూర్చుని లెక్క చెబుతోంది. "ఆరువేల నాలుగొందలు పాట. అయిసూ ఆటో కలిపి ఆర్నూరు. తలకి పదిహేడొందల యాభై. వంజరం ముందు అమ్మాల, చందవ రేపటికి ఆగినా ఆగద్ది." నేను బ్యాగులోంచి ఫోను తీసేలోపల పంపకం అయిపోయింది.

మావాడు కళ్ళప్పగించి చూసి, "అవ్వా, రేపటికి చేప మిగిలి పాడైతే ఆ డబ్బు ఎవరిది?" అన్నాడు.

ఆమె వాణ్ణి ఎగాదిగా చూసింది. "అమ్మా, మీ బిడ్డడు యాపారం తెలిసినోడే! ఆ మాట కాడే గదా మాకు తగువులొచ్చేది" అంది.

ఎనభై ఎనిమిది మొహం చేటంత అయింది.

ఇది నా పక్షపాతం అనుకునేరు. బ్రెజిల్‌లో రెసీఫె అనే రేవు పట్నం ఉంది. అక్కడ వీధుల్లో కొబ్బరికాయలూ అవీ అమ్మే కొద్దిమంది పిల్లల్ని పరిశోధకులు పరీక్షించి 1985లో ప్రకటించారు. బేరంలో అడిగితే నూటికి 98 లెక్కలు సరిగా చెప్పారు. అలాంటి లెక్కలనే ఒట్టి అంకెలుగా కాగితం మీద ఇస్తే ఒప్పు వచ్చినవి 37. పిల్లలు వాళ్ళే, బుర్రలు అవే. తక్కెడ మారింది, అంతే.

అంత దూరం ఎందుకు? మన జిల్లాలోనే దూబగుంట ఉంది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు, పగలంతా కూలికెళ్ళి వచ్చిన ఆడవాళ్ళు రాత్రిళ్ళు పలక పట్టారు. చదువుకున్న పాఠాల్లో సారాతో కూలిన కాపురం కథ కనిపించింది. అది తమ కథే. నేనప్పటికి గౌను పిల్లని, పెద్దవాళ్ళ మాటల్లో రోశమ్మ అనే పేరు వినబడేది. ఆ ఊరి ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. అది ఊరూరా పాకింది. వాళ్ళు తాగేవాణ్ణి తిట్టి ఊరుకోలేదు. సారా బతికేది వేలంపాటతో అని కనిపెట్టి, 1992లో ఆ పాటలకే అడ్డం కూర్చున్నారు. పాటలు మళ్ళీ మళ్ళీ వాయిదాపడ్డాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో మద్యనిషేధమే వచ్చింది. దాన్ని 1997లో సడలించారనుకోండి. అది ఈ ఆడవాళ్ళ తెలివితక్కువ కాదు.

ఆ రోజు వాళ్ళకు కాగితం, పెన్సిలు ఇచ్చి త్రికోణాల్లో తేడా కనిపెట్టమంటే ఏ అంకె వచ్చేదో మీరే ఊహించుకోండి. ఖజానాకు ఎక్కడ నొప్పి పుడుతుందో మాత్రం వాళ్ళు కనిపెట్టారు.

పనిలో పనిగా నా చెంప నేనే వేసుకుంటాను. నా మొదటి మూడు నవలల్లోనూ నాయకుడు యూనివర్సిటీ ఫస్టే. గోల్డ్ మెడలు లేకుండా ఒక్కడూ గడప దాటలేదు. వాడిచేత ఒక్క పేజీలోనైనా జ్వరంతో ఉన్న తల్లికి జావ కాయించానా? లేదు. నాయిక ఆ మెడలు చూసి ప్రేమించింది. జావ కాచేపని మాత్రం నాయికదే. ఇలాంటివి రాసి, అవి చదివి పెరిగిన మనమే కదా కాగితం మీది అంకెను చూసి పిల్లాడి పేరు మార్చేది!

మా చెల్లెలితో ఇవన్నీ చెప్పాను. "అయితే ఆ కాగితం చింపెయ్యనా?" అంది. చింపొద్దన్నాను. చదవడంలో వాడికి ఎక్కడ కష్టమవుతోందో ఆ కాగితం కొంత చెబుతుంది. దాన్ని టీచరుకు చూపించి సాయం అడగాలి. బినే గారు కోరింది అదే. గోడకు మాత్రం తగిలించొద్దన్నాను. చదరంగం పెట్టె అటక మీదనుంచి దించమన్నాను.

మొన్న ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి వాడితో ఆడాను. ఓడిపోయాడు. మళ్ళీ ఓడిపోయాడు. నాకు నిద్రొస్తోంది, కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. వాడు బంట్లన్నీ మళ్ళీ వరసగా పేర్చి, కళ్ళజోడు నా చేతికిచ్చి, "పెద్దమ్మా, ఇంకొక్క ఆట" అన్నాడు.

టెర్మన్ గారి రెండు జట్లకీ మధ్య తేడా అంతా ఆ ఒక్క మాటలోనే ఉందేమో అనిపించింది నాకు. కళ్ళజోడు పెట్టుకున్నాను.