ప్లాస్టర్ బొమ్మ ముందు ఈజిల్

వాన్ గోకు ప్లాస్టర్ బొమ్మలంటే మంట. 1882లో హేగ్‌లో ఉన్నప్పుడు, బంధువూ చిత్రకారుడూ అయిన ఆంటోన్ మావ్ వాటిని చూసి గీయమన్నందుకు, ఇంటికొచ్చి ఆ బొమ్మల్ని బొగ్గుల డబ్బాలో పడేశానని తమ్ముడు తియోకు ఉత్తరం రాశాడు. ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. ప్రాణమున్న మనిషి ఎదురుగా ఉండగా సున్నంలా తెల్లబారిన ముక్కూ పాదమూ ఎందుకు? కానీ అదే వాన్ గో అంతకు ముందు చార్లెస్ బార్గ్ డ్రాయింగ్ పాఠాల ప్లేట్లు పట్టుదలగా నకలు చేశాడు. చనిపోయిన 1890లో కూడా బార్గ్ బొగ్గు అభ్యాసాలు పంపమని తమ్ముణ్ణి అడిగాడు.

బార్గ్ పాఠాలు మొదలయ్యేదే గ్రీకు, రోమన్ శిల్పాల ప్లాస్టర్ అచ్చుల బొమ్మలతో. ప్యారిస్, లండన్ అకాడమీల్లో మెట్ల వరస ఒకటే: ముందు కాగితం మీది బొమ్మకు నకలు, తర్వాత ప్లాస్టర్, ఆ పైన సజీవ మోడల్. లండన్ రాయల్ అకాడమీలో చదివే స్త్రీలకైతే 1890ల దాకా ఆ మూడో మెట్టు లేనేలేదు. మనిషి శరీర నిర్మాణాన్ని వాళ్లు ఎక్కువగా ప్లాస్టర్‌లోనే చదవాల్సి వచ్చింది.

పద్ధతి చూద్దాం. మైకలాంజెలో డేవిడ్ ముక్కు అచ్చు అనుకోండి. ఒకవైపు నుంచే వెలుగు పడాలి. ఐరోపాలో ఉత్తరపు కిటికీ కోరుకునేది అక్కడ ఎండ సూటిగా పడదు గనుక, నీడ రోజంతా పెద్దగా జరగదు గనుక. ఈజిల్‌ను బొమ్మ పక్కనే నిలిపి, తాను నిలబడే చోట నేల మీద గుర్తు పెట్టుకుంటాడు విద్యార్థి. అక్కడి నుంచి చూస్తే బొమ్మా, కాగితం మీది గీతా ఒకే ఎత్తులో కనబడాలి. కొసకు గుండు కట్టిన దారం పట్టుకుని, ముక్కు కొనకు సరిగ్గా కింద ఏముందో చూస్తాడు. ముందుకెళ్లి ఒక గీత గీస్తాడు, వెనక్కొచ్చి చూస్తాడు, చెరుపుతాడు. గీతలు మొదట తిన్ననివే, వంపులు తర్వాత.

అసలు కష్టం నీడ దగ్గర మొదలవుతుంది. కళ్లు సగం మూసి చూస్తే చిన్న చిన్న తేడాలు మాయమై, వెలుగూ నీడా రెండు ముద్దలుగా విడిపోతాయి. ఆ రెంటి మధ్య సరిహద్దు ముక్కు దూలం మీద కత్తి అంచులా, ముక్కుపుట మీద పొగలా ఉంటుంది. ఆ తేడా పట్టుకోగలిగితే రూపం గుండ్రంగా నిలుస్తుంది. కొత్తవాళ్లందరూ బోల్తా పడేది నీడలోపలికి బొమ్మ కింది బల్ల నుంచి తిరిగొచ్చే వెలుగు దగ్గర. పక్కనంతా చీకటి కావడంతో అది మెరుస్తున్నట్టు అనిపిస్తుంది, దాన్ని తెల్లగా వదిలేస్తారు, ముక్కు కాస్తా రేకు ముక్కవుతుంది. ఎంత మెరిసినా అది నీడలో భాగమే. ప్లాస్టర్ తెలుపు కాబట్టే ఈ సంగతి తేలుతుంది: పెదవి ఎరుపూ కనుబొమ్మ నలుపూ అడ్డురావు. పైగా అది కదలదు, అలసిపోదు, వారాల తరబడి అలాగే ఉంటుంది.

మన దేశానికి ఈ చదువు దొరల చిత్రకళా బడులతో వచ్చింది: 1850లో మద్రాసు, 1857లో బొంబాయి. అందం అంటే గ్రీకులదేనన్న అహంకారమూ వెంట వచ్చింది. 1896లో కలకత్తా బడికి అధిపతిగా వచ్చిన హేవెల్ ఆ అచ్చుల పాఠాన్ని పక్కకు నెట్టి భారతీయ కళను ముందుకు తెచ్చాడు. అహంకారాన్ని నెట్టడం సబబే. దాంతో పాటు చూపుకు సానబెట్టే సాధన కూడా చులకనైపోయిందనే నా ఫిర్యాదు. రాజమండ్రి దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూల్లో అకడమిక్ చదువు చదివి, తెలుగువాళ్ల జీవితాన్నీ పురాణాన్నీ తనదైన గీతలో వేశాడు. ఆ చదువు ఆయన్ను పరాయివాణ్ణి చేయలేదు.

గ్రీకు బొమ్మే కావాలన్న పట్టు కూడా నాకు లేదు. అయితే అమరావతి ఫలకాలు తొలి పాఠానికి పనికిరావు: ఉబ్బు తక్కువ, బొమ్మలు ఒకదాని మీద ఒకటి కిక్కిరిసి ఉంటాయి, నీడ విడదీయడం చేయి తిరిగినవాళ్ల పని. చోళ కంచు విగ్రహమైతే తళతళలతో కన్ను చెదరగొడుతుంది. మొదలుపెట్టేవాళ్లకు మెరుపు లేని లేత రంగుది ఏదైనా సరే, గుండ్రని రూపం ఉంటే చాలు; గదిలో మిగతా దీపాలు ఆర్పి, పక్కనుంచి ఒక్క బల్బు పెట్టుకోవాలి.