బాలగ్రంథి నిజంగా మాయమవుతుందా?

థైమస్‌కు తెలుగులో 'బాలగ్రంథి' అని పేరు. పేరు బాగానే ఉంది. దాని వెంట మనం బడిలో నేర్చుకునే మాటతోనే చిక్కు: పెద్దయ్యాక ఈ గ్రంథి మాయమవుతుందట! ఇది సగం నిజం మాత్రమే.

రొమ్ము ఎముక వెనుక, గుండెకు పైన ఉండే ఈ గ్రంథి యుక్తవయస్సు నుంచి క్రమంగా కుంచించుకుపోతుంది. దాని కణజాలం స్థానంలో కొవ్వు చేరుతుంది. సి.టి. స్కాన్‌లో ఇది పసిపిల్లల్లో చతుర్భుజంలా, కౌమారంలో బాణపు మొనలా కనిపిస్తుంది. నలభై దాటిన చాలామందిలో కొవ్వు మధ్య సన్నని చారలే మిగులుతాయి. ఇరవై దాటినవారిలో ఒక్కో భాగం మందం సాధారణంగా 1.3 సెంటీమీటర్లకు మించదు. అయితే ఒకే వయస్సువారిలోనూ తేడాలుంటాయి. యువకులకంటే యువతుల్లో గ్రంథి కణజాలం ఎక్కువగా కనిపిస్తుంది. కీమోథెరపీతో కుంచించుకుపోయిన గ్రంథి, రోగి కోలుకున్నాక మళ్ళీ పెరగవచ్చు కూడా.

"మాయమవుతుంది" అని నేర్చుకున్న కంటికి, ముప్పై ఏళ్ళ యువతి స్కాన్‌లోని మామూలు గ్రంథి కణితిలా తోచడంలో వింతేముంది?

సహజమైనదేదో తెలియకపోతే ఏం జరుగుతుందో చరిత్ర ఒకసారి చూపింది. దీర్ఘవ్యాధులతో చనిపోయిన పిల్లల్లో కుంచించుకుపోయిన థైమస్‌నే వైద్యులు సహజమనుకున్నారు. దాంతో ఆరోగ్యవంతులైన శిశువుల గ్రంథి 'అతిగా పెరిగినట్లు' కనిపించింది. 20వ శతాబ్దం తొలి సగంలో అమెరికాలో వేలాది పసివారి ఛాతీపై ఎక్స్‌రే చికిత్స చేశారు. వారిలో కొందరికి తర్వాత థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది.

పెద్దవారిలో ఈ గ్రంథి వృథా అనడానికీ ఇప్పుడు వీల్లేదు. 2023లో బోస్టన్ పరిశోధకులు ప్రచురించిన పరిశీలనలో, థైమస్ తీసేసినవారిలో 8.1 శాతం మంది 5 ఏళ్ళలో మరణించారు. థైమస్ తీయకుండా ఇతర ఛాతీ శస్త్రచికిత్సలు చేయించుకున్నవారిలో అది 2.8 శాతం. ఇది పరిశీలన మాత్రమే; కారణాన్ని పూర్తిగా రుజువు చేయదు. కణితి ఉంటే తీయించుకోవలసిందే. అనుమానం దగ్గర మాత్రం తొందర కూడదు. గ్రంథిలో కలిసిపోయిన కొవ్వును ప్రత్యేక ఎం.ఆర్.ఐ. పద్ధతి పసిగట్టి, పెద్దవారిలో చాలావరకు సందేహం తీరుస్తుంది.

కనుక పాఠ్యపుస్తక రచయితలకు ఒక విన్నపం. "మాయమవుతుంది" అన్న మాట తీసేసి, "క్రమంగా కొవ్వుగా మారుతుంది, ఎంత మిగిలేదీ మనిషిని బట్టి ఉంటుంది" అని రాయండి. రేపటి వైద్యుడు చదివే తొలి పుస్తకం మీదే గదా!