ఉరుకూ పరుగూ

మా ఆఫీసులో పరుగు పిచ్చి ఉన్నవాళ్ళ డెస్కుల మీద ఒక పుస్తకం తప్పకుండా కనిపిస్తుంది. హరుకి మురకామి 2007లో జపనీస్‌లో రాసిన పరుగు జ్ఞాపకాలకి ఇంగ్లీషు అనువాదం, ‘వాట్ ఐ టాక్ అబౌట్ వెన్ ఐ టాక్ అబౌట్ రన్నింగ్’. నా డెస్కు మీదా ఉండేది. టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళకి నాలుగైదు కాపీలు కొనిచ్చి కూడా ఉంటాను. ఈ మధ్య దాన్ని మళ్ళీ చదువుతుంటే ఒక సంగతి గుచ్చుకుంది. పరుగు గురించి ఇంత ఇష్టంగా రాసిన పుస్తకంలో పక్కన పరిగెత్తే మనిషి లేడు. ఉన్నా, దారి పక్క చెట్టులాగే ఉన్నాడు.

అలా గుచ్చుకోవడానికి కారణం పుస్తకం కాదు, ఒక పెద్దాయన.

నెక్లెస్ రోడ్డులో ఒక ఆదివారం పొద్దున 10కె. కిలోమీటరుకి ఐదున్నర నిమిషాల చొప్పున వెళ్ళాలని ఎక్సెల్‌లో లెక్కేసుకుని, అదే జీపీఎస్ వాచీలో పెట్టుకుని బయల్దేరాను. నాలుగో కిలోమీటరు దగ్గర యాభై దాటిన ఒకాయన, మెడ చుట్టూ తువ్వాలుతో, నా పక్కకొచ్చాడు. కాసేపు ఇద్దరం ఒకే అడుగు వేశాం. ఉన్నట్టుండి ఆయన ఒక రెండొందల మీటర్లు దూసుకుపోయాడు. పోతే పోనీ అనుకున్నాను గానీ కాళ్ళు ఊరుకోలేదు, వెళ్ళి అందుకున్నాను. అందుకోగానే నెమ్మదించాడు. నాకు ఊపిరి కుదుటపడేలోపు మళ్ళీ పోయాడు. మూడోసారికి నా ఎక్సెల్ షీటు హుస్సేన్ సాగర్‌లో కలిసింది. అంతా అయ్యాక మజ్జిగ ఇచ్చే టేబుల్ దగ్గర కనబడి, “ఏం బాబూ, వాచీ బాగా పనిచేస్తోందా?” అన్నాడు. బాగానే పనిచేసింది అంకుల్, అన్నాను. ఏమనాలి మరి. నేను పదిసార్లు వాచీ చూసుకున్న దూరంలో ఆయన పదిసార్లు నా మొహం చూశాడు.

ఆయన చేసినదాన్ని రన్నర్లు సర్జ్ అంటారు. తెలుగులో ‘ఉరుకులు పరుగులు’ అని జంటగా వాడేసి రెండిటికీ తేడా మర్చిపోయాం గానీ, సర్జ్‌కి ఉరుకు కన్నా మంచి మాట నాకైతే దొరకలేదు. పరుగు సాగుతుంది. ఉరుకు ఉన్నపళాన వస్తుంది, వచ్చినంత చప్పున ఆగిపోతుంది.

లెక్క ప్రకారం చూస్తే ఉరుకు శుద్ధ దండగ. అమీర్‌పేట ట్రాఫిక్‌లో బ్రేకూ యాక్సిలరేటరూ మార్చి మార్చి తొక్కితే బండి మైలేజీ ఏమవుతుందో అందరికీ తెలుసు. శరీరానికీ తను నిలకడగా నడుపుకోగల వేగం ఒకటుంటుంది. దాన్ని దాటి పోయినప్పుడు పెట్టే ఖర్చు, తర్వాత నెమ్మదించి చేసే పొదుపుతో పూడదు. అందుకే రికార్డు కోసం పరిగెత్తేవాళ్ళు వీలైనంత సమంగా పరిగెత్తుతారు. 2019 అక్టోబరు 12న వియన్నాలో ఎలియుద్ కిప్చోగే మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పూర్తిచేసినప్పుడు 41 మంది పేసర్లు వంతులవారీగా ఆయనకి గాలి అడ్డుకున్నారు. ముందు పోయే కారు రోడ్డు మీద లేజర్ గీతలు వేసింది. చూస్తూ నేను నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. కానీ అక్కడ ఓడిపోవడానికి ఎవరూ లేరు. అది పోటీయే కాదు కాబట్టి అధికారిక రికార్డుగానూ లెక్కలోకి రాలేదు.

ఉరుకులో లెక్క వేరు. నాకు నష్టమే, కానీ నా వెనకున్నవాడికి అంతకన్నా ఎక్కువ నష్టమైతే నేను గెలిచాను. గడియారానికి ఈ లెక్క తెలియదు. ఇద్దరు మనుషులుంటేనే దీనికి అర్థం. పరుగు గురించి మనం గొప్పవి అనుకునే పుస్తకాలు ఈ లెక్క జోలికే పోలేదన్నది నా ఫిర్యాదు. ఎందుకు ఫిర్యాదు చేస్తున్నానో చెప్పాలంటే 1956కి వెళ్ళాలి.

వ్లదిమీర్ కుత్స్ ఉక్రెయిన్‌లో పుట్టిన సోవియట్ నావికుడు. ముందుండి పరిగెత్తడం ఆయన పద్ధతి, చివరి వంద మీటర్ల వేగం లేకపోవడం ఆయన బలహీనత. 1954 అక్టోబరులో లండన్ వైట్ సిటీ స్టేడియంలో 5,000 మీటర్లు. కుత్స్ ముందు, క్రిస్ చాటవే వెనక. చివరి అడుగుల్లో చాటవే దాటేశాడు. తేడా సెకనులో పదో వంతు: 13:51.6, 13:51.7. 1956 జూన్‌లో నార్వేలోని బెర్గెన్‌లో మళ్ళీ అదే కథ, ఈసారి గోర్డన్ పిరీ చేతిలో. పిరీ 13:36.8తో ప్రపంచ రికార్డు కొట్టాడు. ఆ రికార్డుకి కావలసిన వేగమంతా ముందుండి లాగినవాడు కుత్స్. అంటే తన వీపు చూస్తూ ఇంకొకడు రికార్డులు కొడుతున్నాడు. సమంగా పరిగెత్తినంత కాలం ఇది మారదని కుత్స్‌కీ, ఆయన కోచ్ గ్రిగొరి నికిఫొరోవ్‌కీ అర్థమైంది.

నవంబరు 23, మెల్‌బోర్న్ ఒలింపిక్స్, 10,000 మీటర్లు. అంటే 25 ల్యాపులు. అంతకు రెండు నెలల ముందే కుత్స్ మాస్కోలో 28:30.4తో ఈ దూరంలో ప్రపంచ రికార్డు పెట్టాడు. దాని సగటు ల్యాపుకి 68 సెకన్ల పైచిలుకు. మెల్‌బోర్న్‌లో మొదటి ల్యాపు దాదాపు 61 సెకన్లు! చూసినవాళ్ళు పిచ్చి పట్టిందనుకుని ఉంటారు. తర్వాత నెమ్మదించాడు, పిరీ వచ్చి చేరాడు, కుత్స్ మళ్ళీ ఉరికాడు. పిరీ మళ్ళీ అందుకున్నాడు. మిగతావాళ్ళు వెనకబడిపోయారు. సగం దూరం దాటేసరికి 14 నిమిషాల 7 సెకన్లు. నాలుగేళ్ళ ముందు హెల్సింకీలో ఎమిల్ జాటోపెక్ 5,000 మీటర్ల స్వర్ణం గెలిచిన సమయమూ దాదాపు అంతే. వీళ్ళకి ఇంకా అంతే దూరం మిగిలుంది.

ఇక ఇరవయ్యో ల్యాపు చుట్టుపక్కల జరిగింది నాకు ఏ నవలలోనూ దొరకలేదు. ఎంత ఉరికినా పిరీ వదలడం లేదు. కుత్స్ లోపలి లేను వదిలి బయటికి జరిగాడు. దాదాపు ఆగిపోయినంత నెమ్మదించాడు. ముందుకు పొమ్మని చేత్తో సైగ చేశాడు. పిరీకి వేరే దారి లేదు, ముందుకు వచ్చాడు. అప్పటిదాకా వీపు మాత్రమే చూపించిన కుత్స్ మొదటిసారి పిరీ మొహాన్ని పక్కనుంచి చూశాడు. ఎంత అలిసిపోయాడో చూశాడు. కొద్ది దూరం పోనిచ్చి మళ్ళీ ఉరికాడు. పిరీ కదల్లేకపోయాడు. కుత్స్ 28:45.6తో స్వర్ణం గెలిస్తే, పిరీ నిమిషానికి పైగా వెనకబడి ఎనిమిదో స్థానంలో తేలాడు.

కుత్స్ రెండో సగం మొదటి సగం కన్నా అర నిమిషం పైగా నెమ్మది. కోడ్ రివ్యూకి వస్తే ఈ డిజైన్ నేను వెనక్కి పంపేస్తాను. కానీ ఆ రేసు పాత వీడియో ముక్కలు చూసినప్పుడల్లా కుత్స్ పిరీని అడుగుతున్నట్టే ఉంటుంది: ఇంకా ఉందా నీ దగ్గర? ప్రతి ఉరుకూ ఒక ప్రశ్న, పిరీ వెనక చేరడం దానికి జవాబు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి గుర్తొస్తాడు. అవధాని ధారణ చెడగొట్టడమే ఆయన పని, అందుకోసమే సమయం కాని సమయంలో అడ్డొస్తాడు. పోలిక ఇక్కడిదాకానే. అప్రస్తుత ప్రసంగికి తన ప్రశ్న వల్ల ఒంట్లో ఏమీ తరగదు. కుత్స్ మాత్రం అడిగిన ప్రతిసారీ ముందు తను చెల్లించాలి, ఆ తర్వాతే పిరీ. పైగా పిరీ దగ్గర ఎంత మిగిలుందో తెలియకుండా చెల్లించాలి.

అలన్ సిలిటో 1959 కథ ‘ది లోన్లీనెస్ ఆఫ్ ది లాంగ్ డిస్టెన్స్ రన్నర్’ దగ్గరికి ఇప్పుడు వస్తాను. ఇంజనీరింగ్ హాస్టల్లో చదివి పదిమందికి చెప్పిన కథ. స్మిత్ అనే కుర్రాడు దొంగతనం చేసి బాలనేరస్తుల జైల్లో ఉంటాడు. జైలు గవర్నరుకి కప్పు కావాలి, స్మిత్ బాగా పరిగెత్తుతాడు. పోటీ రోజు అందరికన్నా ముందొచ్చి, గెలుపు తాడు కళ్ళముందుండగా కావాలని ఆగిపోతాడు. గవర్నరు చూస్తుండగా వెనకవాణ్ణి పోనిస్తాడు. ఇరవయ్యేళ్ళప్పుడు ఆ ఆగడం నన్ను ఊపేసింది. క్యాంపస్ ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూ మధ్యలో లేచి వచ్చేయాలని కూడా అనుకున్నాను. రాలేదనుకోండి.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తే, పరుగు చరిత్రలో కుత్స్ ఆగడం ఒకటి, పరుగు సాహిత్యంలో స్మిత్ ఆగడం ఒకటి. కథలో వెనకనుంచి వచ్చి గెలిచిన ఆ కుర్రాడెవరు? అవతలి సంస్థ పేరు తప్ప వాడి గురించి మనకేం తెలుసు? స్మిత్‌కి వాడు కనబడడు, గవర్నరే కనబడతాడు. కథ మొదటి నుంచి చివరి దాకా స్మిత్ గొంతే కాబట్టి మనకూ కనబడడు. వాడూ జైల్లో ఉన్నవాడే. వాడి గవర్నరుకీ కప్పు కావాలి. ఒకడు దానంగా వదిలేసిన గెలుపుని మోస్తూ వాడు ఆ తాడు దాటాడు. సిలిటో కోపం నాకిప్పటికీ ఇష్టమే, అది వర్గం గురించి రాసిన కథ, పరుగు గురించి కాదు అని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. కానీ తన వర్గం వాడే పక్కన పరిగెత్తుతుంటే చూడని తిరుగుబాటు అది. హాస్టల్లో ఇది నాకు తట్టలేదు.

మురకామి సంగతి వేరు. ఇతరులతో గెలుపోటములు తనకి పట్టవని ఆయన దాపరికం లేకుండా చెప్పేస్తాడు. చార్లెస్ నది ఒడ్డున హార్వర్డ్ అమ్మాయిలు పోనీటెయిళ్ళు ఊపుకుంటూ తనని దాటిపోయే ఘట్టం పుస్తకంలో నాకు బాగా నచ్చింది. దాటించుకోవడంలో ఒక హాయి ఉంది అక్కడ. ఆ నిజాయితీని తప్పుపట్టను. నా అనుమానమంతా దాన్ని కొని పంచిపెట్టిన నా మీద. ఆఫీసులో మా రేటింగులు బెల్ కర్వ్ మీద వేస్తారు. నేను ఎంత చేశానన్నది కాదు, పక్క సీటువాడి కన్నా ఎంత చేశానన్నది లెక్క. ఏడాదంతా ఆ పోటీలో ఉండి, ఆదివారం పొద్దున మాత్రం ‘నా పోటీ నాతోనే’ అని టీషర్టు మీద రాసుకుని తిరుగుతాం. ఆ పుస్తకం మాకు అంతగా నచ్చడంలో ఈ సదుపాయం లేదంటారా?

దగ్గరికొచ్చినవాడు ఫ్రెంచి రచయిత జాన్ ఎష్‌నోజ్. 2008లో వచ్చిన ‘కూరీర్’, ఇంగ్లీషులో ‘రన్నింగ్’, జాటోపెక్ జీవితం మీద చిన్న నవల. జర్మన్లు మొరావియాలోకి రావడంతో మొదలై, 1968లో సోవియట్ ట్యాంకులు ప్రాగ్‌లోకి వచ్చిన తర్వాతి రోజుల దాకా నడుస్తుంది. కుత్స్ కన్నా ముందు ఉరుకులకి పేరు మోసినవాడు జాటోపెక్కే. ఎష్‌నోజ్ వాక్యమే ఉరుకుతుంది. నింపాదిగా పోతూ పోతూ ఒక్కసారి రెండేళ్ళు దాటేస్తుంది, ఏమీ ఎరగనట్టు మళ్ళీ నెమ్మదిస్తుంది. పాఠకుడే వెనకబడి రొప్పుతాడు. ఇది నాకు చాలా నచ్చింది. అయినా ప్రత్యర్థులు పేర్లుగానే వచ్చి పోతారు. ఆ నవలలో ఎమిల్ నిజమైన ప్రత్యర్థి రాజ్యం. రాజ్యం మొహం చదవడానికి పక్కకి జరిగి చూడటం కుదరదు.

మెల్‌బోర్న్ రేసులో మూడో మనిషి ఒకడున్నాడు. రజతం గెలిచిన యోజెఫ్ కోవాచ్, హంగేరీ వాడు. సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌ని అణచడానికి దిగింది నవంబరు 4న. పందొమ్మిది రోజుల తర్వాత ఆయన ఒక సోవియట్ నావికుడి వెనక 25 ల్యాపులు పరిగెత్తాడు. కుత్స్ ఉరుకుల్లో ఒక్కదానికీ బదులివ్వలేదు. ఆయనా, కంచు గెలిచిన ఆస్ట్రేలియన్ అలన్ లారెన్సూ వెనకాల తమ వేగంతో తాము వచ్చారు. పిరీ కూలిపోయాక ఆయన్ని దాటారు. కోవాచ్ సమయం 28:52.4, కుత్స్‌కి ఏడు సెకన్లు తక్కువ.

గెలవాలని పిరీ ప్రతి ప్రశ్నకీ జవాబిచ్చి ఎనిమిదోవాడయ్యాడు. బదులివ్వనివాడు రెండోవాడయ్యాడు. ఐదు రోజుల తర్వాత 5,000 మీటర్లలోనూ కుత్స్ గెలిచాడు, ఈసారి రెండో స్థానం పిరీది. 10,000లో ముందున్న ఇద్దరి వీపులూ చూస్తూ, అందులో ఒక వీపు మీద ఏ దేశం పేరుందో తెలిసీ, అడుగు మార్చకుండా వచ్చిన కోవాచ్ తలలో ఆ అరగంటా ఏం నడిచి ఉంటుంది? సిలిటో లాంటివాడు రాయాల్సిన కథ అది. కాకపోతే ఈసారి మూడు గొంతులతో.

మురకామి కాపీ ప్రస్తుతం నా డెస్కు మీద లేదు. వచ్చే నెల నెక్లెస్ రోడ్డులోనే ఇంకో 10కె ఉంది. వాచీ ఇంట్లో పెట్టి వెళ్దామనుకుంటున్నాను, ఆ తువ్వాలు అంకుల్ వస్తాడో రాడో.