మొదటి పాదంలో చూపు, రెండో పాదంలో పరీక్ష

ఎండాకాలం కోడుమూరు చుట్టుపక్కల నల్లరేగడి నెర్రెలు విచ్చుతుంది. మద్దికెర వైపు పుట్టి, కోడుమూరు మీదుగా సాగి, కర్నూలు దగ్గర తుంగభద్రలో కలిసే హంద్రీ ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకపాయగానే ఉంటుంది. జలపాతాలు, పచ్చని లోయలు వెదికే కళ్లకు ఇక్కడ చూడటానికేమీ లేదనిపిస్తుంది. కానీ ప్రకృతిని చూసి మనిషిని చదివే విద్యలో తెలుగువారికి పెద్దదిక్కైన వేమన ఇలాంటి సీమ నేలవాడే. కదిరి దగ్గర కటారుపల్లెలో ఆయన సమాధిని జనం ఇప్పటికీ కొలుస్తున్నారు. మెట్టనేలలో కంటికి దొరికేది కొంచెం. అందుకే ఆ కొంచెమే మళ్లీ మళ్లీ చూడాలి. వేమన కళకూ యోగానికీ మూలం ఈ రెండో చూపేనని నా నమ్మకం.

ఆ చూపుకు ఆయన ఎంచుకున్న ఛందస్సు ఆటవెలది. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. సూర్యగణానికి మూడే మాత్రలు. అందువల్ల మొదటి పాదం చివర కాస్త విచ్చుకుంటుంది, రెండోది చురుగ్గా ముగుస్తుంది. ప్రాసనియమం లేదు కాబట్టి రచ్చబండ మాట ఉన్నది ఉన్నట్టుగా పద్యంలోకి నడిచి వస్తుంది.

ఈ నడకకు తగ్గట్టే ఆలోచననూ అమర్చాడు. చాలా పద్యాల్లో మొదటి పాదం పైకి కనిపించేది చెబుతుంది. రెండోది దాన్ని పరీక్షకు పెడుతుంది. మూడోది మనిషి వైపు తిరుగుతుంది. నాలుగోది మకుటం. మేడిపండు నిగనిగలాడుతుంది, విప్పితే పురుగులు. ఉప్పూ కర్పూరమూ కంటికి ఒకటే. నాలుక మీద వేస్తే వేరు. విప్పడం, రుచి చూడటం, మోగించి వినడం: పరీక్ష చేయడానికి వేమనకు ఒంట్లోని ఇంద్రియాలే పనిముట్లు. కంచు మోతనూ బంగారం మౌనాన్నీ పోల్చిన పద్యంలో వరుస తిరగబడి, ముందు మనిషి వస్తాడు, తర్వాత లోహం వస్తుంది. వేపాకు పద్యంలో పరీక్ష కాలానిది. ఒక్కసారి నమిలితే చేదే. తింటూ పోతే ఆ నాలుకే మారుతుంది. సాధన అంటే ఏమిటో చెప్పడానికి శాస్త్రగ్రంథం తెరవక్కర్లేదు, వాకిట్లో చెట్టు చాలు.

మేడిచెట్టును ఇంకాస్త దగ్గరగా చూద్దాం. దాని పూలు బయటికి కనిపించవు, కాయ లోపలే పూస్తాయి. చిన్న కందిరీగల్లాంటి కీటకాలు కాయలోకి దూరి, అక్కడే గుడ్లు పెట్టి, పుప్పొడిని పూలకు చేరుస్తాయి. అవి లేకుంటే ఆ చెట్టుకు మొలకెత్తే విత్తనమే ఉండదు. వేమన ఆ పండులో పిరికివాడి బింకాన్ని చూశాడు. మనకు అదే పండు ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డ రెండు ప్రాణాల కథ చెప్పగలదు. ఒక పద్యం పుట్టినంత మాత్రాన ప్రకృతిలోని అర్థం ఖర్చయిపోదు.

ఆధ్యాత్మికతలోనూ ఆయనది ఇదే పద్ధతి. రాతిని రాయిగానే చూడమన్నాడు. శివుణ్ణి శిలల్లో వెదికేవాణ్ణి తనలోకి చూసుకోమన్నాడు. పండును విప్పినట్టే మనసునూ విప్పి చూడాలి. లోకాన్ని పరీక్షించిన కన్ను చివరికి తన మీదికి తిరగకపోతే అది ఒట్టి తప్పులెన్నే కన్నవుతుంది.

1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్, జనం నోళ్లలోనూ తాళపత్రాల్లోనూ ఉన్న ఈ పద్యాలను సేకరించి 1829లో ఆంగ్లానువాదంతో అచ్చు వేయించాడు. పండిత గోష్ఠులు పక్కనపెట్టిన పద్యాన్ని అంతకాలం బతికించింది రైతులూ కూలీలూ గృహిణులే. చిన్న పద్యంలో పెద్ద చూపు వేమన ఒక్కడిదే కాదు. పదిహేడో శతాబ్దిలో జపాన్ కవి బషో కూడా కప్పనూ కొమ్మ మీది కాకినీ చూసి మూడు ముక్కల్లో కవిత కట్టాడు. బషో దృశ్యం దగ్గరే ఆగి, మిగతాది పాఠకుడికి వదిలేస్తాడు. వేమన ఆగడు, చూసినదానికి నువ్వేం జవాబు చెబుతావని నిలదీస్తాడు. వానకూ కరువుకూ మధ్య బతికేవాళ్ల కవికి ఆ నిలదీత సహజం.

ఈ విద్య వేమనతో ఆగనక్కర్లేదు. కర్నూలు పల్లెల్లో బుడ్డలు అని పిలిచే వేరుశనగనే తీసుకోండి. పువ్వు వెలుగులో పూస్తుంది. ఆ తర్వాత ఊడ కిందికి వంగి మట్టిలో దిగబడుతుంది. కాయ చీకట్లో కాస్తుంది. ఇక్కడ చూపూ ఉంది, పరీక్షా ఉంది. మూడో పాదం రాసేవాడి కోసం ఎదురుచూస్తోంది. మన బడుల్లో వేమన పద్యాన్ని నీతి దగ్గర మొదలుపెట్టి కంఠస్థం చేయిస్తున్నాం. అలా కాదు. పిల్లల చేతికి ముందు పండివ్వాలి, విప్పమనాలి, ఏం కనిపించిందో వాళ్ల మాటల్లో చెప్పమనాలి. పద్యం ఆ తర్వాత చదివించాలి. అప్పుడు నీతిని మనం చెప్పే పని ఉండదు, వాళ్లే చెబుతారు. వేమన పద్యం నడిచే తీరు కూడా అదే.