చివరి విస్తరి దాకా వెలుగు

లైట్‌సేబర్ చేతికి రాగానే అందరూ పిడిని చూస్తారు. నా చూపు మాత్రం అలుగు కొస మీదికి పోతుంది. పిడి దగ్గరున్నంత వెలుగు కొసన కూడా ఉందా? మధ్యలో ఎక్కడైనా మచ్చ పడిందా? ఈ రెండు పరీక్షలకూ నిలిచిన కత్తి కనబడితే చేసినవాళ్ల చేతులకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఎల్‌ఈడీ ఎవరైనా కొనొచ్చు. ఆ వెలుగును గజం పొడవునా సమంగా పరచడం మాత్రం చేతికి రావలసిన విద్య.

ఈ కత్తి 1977లో జార్జ్ లూకాస్ తీసిన 'స్టార్ వార్స్'తో పుట్టింది. పాత గ్రాఫ్లెక్స్ కెమెరా ఫ్లాష్ గొట్టాన్ని ఆ సినిమా సెట్ డెకరేటర్ రోజర్ క్రిస్టియన్, కథానాయకుడు ల్యూక్ కత్తికి పిడిగా మలిచాడు. అలుగు బదులు వెలుగును తిప్పికొట్టే పూతవేసిన కడ్డీని మోటారుతో గిరగిరా తిప్పారు. అసలు కాంతిని తర్వాత ఫిల్ము మీద అద్దారు. 2015లో వచ్చిన 'ద ఫోర్స్ అవేకెన్స్' నాటికి, నటుల ముఖాల మీద నిజమైన వెలుగు పడాలని సెట్లోనే వెలిగే అలుగులు వాడారు. ఇళ్లలో కత్తులు చేసుకునే అభిమానులు అంతకు ఏళ్ల ముందే ఆ పని చేసి చూపించారు!

నాకు ఈ విద్య నేర్పిన మాస్టారు సినిమా మనిషి కాదు. సికింద్రాబాద్‌లో జీవితమంతా గ్లోసైన్ బోర్డులు చేసినాయన. బోర్డు లోపల ట్యూబులైట్లుంటాయి, బయట అక్షరాలు మాత్రమే వెలగాలి. "బాబూ, లైటు కనబడకూడదు, వెలుగు కనబడాలి" అనేవారు. ఈ విద్యకు ఇంతకన్నా పెద్ద సూత్రం లేదు.

నా మొదటి కత్తి చూసి ఆయన పెదవి విరిచారు. పాలలాంటి తెల్లటి గొట్టం తెచ్చి, అడుగున ఘాటైన ఎల్‌ఈడీ పెట్టాను. పిడి దగ్గర కళ్లు మిరుమిట్లు గొలిపింది, మూర దాటేసరికి నీరసించింది, కొసన చీకటి. "మొదటి విస్తళ్లకే పప్పంతా కుమ్మరించావు, బంతి చివర కూర్చున్నవాళ్ల మాటేమిటి?" అన్నారు. తప్పు అక్కడే ఉంది. మరీ తెల్లని పదార్థం వెలుగును మొదట్లోనే నాలుగు వైపులా చెదరగొట్టేస్తుంది. అడుగున దీపం ఉన్న కత్తికి కావలసింది పొదుపుగా వడ్డించే పదార్థం. పిడి దగ్గర కొంచెం చెదరగొట్టి, మిగతాదంతా పైకి పోనివ్వాలి.

అందుకు మాస్టారి పద్ధతి నా కళ్లతో చూశాను. పారదర్శకమైన పాలీకార్బనేట్ గొట్టం తీసుకున్నారు. పూలబొకేలకు చుట్టే మామూలు సెల్లోఫేన్ కాగితాన్ని ఏటవాలుగా కత్తిరించారు. చుట్టగా చుట్టి లోపలికి తోసి వదిలితే, అది విచ్చుకుని గోడకు అంటుకుంది. ఏటవాలు కోత వల్ల పిడి దగ్గర ఒక్క పొర, కొసన మూడు పొరలు! కొసకు చిన్న అద్దం బిళ్ల పెట్టారు, చివరిదాకా వచ్చిన వెలుగు వెనక్కి మళ్లి ఇంకోసారి పరచుకోవాలని. తర్వాత గదిలో లైటు తీసేసి, కత్తి కొస దగ్గర దినపత్రిక పెట్టి, "చదువు" అన్నారు. చిన్నక్షరాల వరుసలు కూడా తడుముకోకుండా చదివాను. దీపానికి గజం దూరంలో! ఎన్ని కత్తులు చూసినా ఆ రాత్రి కళ్లలోంచి పోలేదు.

పైకంతా ఒక్కలాగే కనబడినా గొట్టాల్లో తేడాలు చాలా ఉన్నాయి. యాక్రిలిక్ అద్దంలా మెరుస్తుంది, దెబ్బ తగిలితే అద్దంలాగే పెళుసుగా విరుగుతుంది. ఒక బోర్డుల దుకాణంలో "యాక్రిలిక్, పాలీకార్బనేట్ రెండూ ఒకటే సార్" అని అంటగట్టిన గొట్టం మా మేనల్లుడి చేతిలో రెండో దెబ్బకే ముక్కలైంది. ఒక ముక్క వాడి కనుబొమ్మ పక్కనుంచి దూసుకుపోయింది. ఆ రోజు నుంచి తునకను పట్టకారుతో వంచి చూడందే కొనను. పాలీకార్బనేట్ అయితే వంగుతుంది, విరగదు. కత్తికి సాధారణంగా అంగుళం వ్యాసమున్న గొట్టం వాడతారు. ప్రదర్శనకూ, తిప్పడానికీ 1/16 అంగుళం గోడ చాలు. పోరాటానికైతే 1/8 ఉండాలి. 2019లో ఫ్రాన్స్ ఫెన్సింగ్ సమాఖ్య ఈ కత్తిసామును అధికారికంగా గుర్తించింది, దెబ్బలు మామూలుగా ఉండవు మరి.

కొందరు ఉప్పుకాగితంతో బయట గీకి గొట్టాన్ని మసకబారుస్తారు. నాలుగు రోజుల్లో అరచేతి జిడ్డు ఆ గీతల్ని నింపేస్తుంది, నూనె పడిన కాగితంలా అక్కడక్కడా అవతలి వైపు కనబడుతుంది. గీకితే లోపల గీకాలి. శుభ్రం చేయడానికి థిన్నర్, ఎసిటోన్ ముట్టుకోవద్దు, పాలీకార్బనేట్ పగుళ్లిస్తుంది. సబ్బునీళ్లు చాలు.

ఇక పిక్సెల్ పక్షం వాళ్లున్నారు. గొట్టం నిండా ఎల్‌ఈడీ పట్టీ దించుతారు. మీటరుకు 144 దీపాలంటే ఒక్కోదాని మధ్య దాదాపు 7 మి.మీ. దీపానికీ గోడకూ కనీసం అంత ఎడముంటేనే చుక్కలు కలిసిపోతాయి. అంగుళం గొట్టంలో ఆ ఎడం బొటాబొటిగా దొరుకుతుంది. అందుకే తెల్లగోడ గొట్టం, పట్టీ చుట్టూ పలుచని ఫోమ్ తొడుగు. వెలుగు తగ్గించినప్పుడు కూడా చుక్క కనబడకుండా చేసే పనివాళ్లున్నారు, వాళ్లకీ నా దణ్ణం. కానీ నా మనసు పాత పద్ధతిదే. పట్టీలో ఒక్క దీపం చస్తే దాని తర్వాతవన్నీ ఆరిపోవచ్చు. మాస్టారి అలుగులో చావడానికి దీపమే లేదు. గొట్టం పగిలితే గొట్టం మార్చు, అంతే.

ఇంత విద్యను ఈ రోజు ఎవరడుగుతున్నారు? హైదరాబాద్ కామిక్ కాన్‌లో పిల్లల చేతుల్లో కనబడేవి చాలావరకు సగం దాకా వెలిగి ఆగిపోయే బొమ్మలు. ప్రకటన ఫొటోలో మాత్రం మొనదాకా మంట! కంప్యూటర్లో అద్దిన వెలుగుకు డబ్బు తీసుకుని, చీకటి గొట్టాన్ని పిల్లాడి చేతిలో పెట్టడం మోసం కాక మరేమిటి? మన లఘుచిత్రాల కుర్రాళ్లు కూడా ఉత్త కర్ర ఊపి కాంతిని తర్వాత అతికిస్తున్నారు. నటుడి చెంప మీద వెలుగు పడదు, కంట్లో మెరుపుండదు. ప్రేక్షకుడికి కారణం తెలియకపోవచ్చు, ఏదో లోటని తెలుస్తుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకో మనవి. కోఠి గుజరాతీ గల్లీలో ఎల్‌ఈడీ దొరుకుతుంది. సెల్లోఫేన్ ఏ పూలకొట్టులోనైనా ఇస్తారు. ఒక్క అలుగు మీ చేత్తో చేయండి. మొదటిది చెడుతుంది, నాదీ చెడింది. కాగితం కోత మార్చండి, ఒక పొర తీసి చూడండి. కొనేవాళ్లయినా సరే, దుకాణంలో పిడి చూసి మురిసిపోకండి. లైటు తీయించి, కొస దగ్గర పేపరు పెట్టి చదవండి. అక్షరం కనబడకపోతే, అక్కడే వదిలేసి రండి.