ప్రేక్షకుడు విలేఖరి కాలేడా?

ప్రేక్షకులు పంపే వార్తలను వార్తాసంస్థలు ఎట్లా వాడుకుంటున్నవో చూద్దామని కొన్నాళ్లుగా జూబిలీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాలలో తిరుగుతున్నాను. నాకు ఎక్కువగా కనిపించింది "పబ్లిక్ టాక్". ఉదయం ఆట విడిచేసరికి మైకు సిద్ధం. బయటికి వచ్చినవాడు ఈలవేయాలి, లేదా తిట్టాలి. ఆలోచించి చెప్పేవాడికోసం ఆ మైకు ఆగదు. ఇదా ప్రజాభిప్రాయం?

2025 ఆగస్టులో 30 శాతం వేతనాల పెంపు కోరుతూ సినిమా కార్మికులు పని ఆపివేశారు. కాల్షీటు ఎన్ని గంటలు సాగిందో, బత్తా ఏనాడు చేతికందిందో లైట్‌మన్‌కు తెలిసినంతగా ఏ విలేఖరికి తెలుసు? అతని జేబులోనూ ఫోను వున్నది. అయినా మనం అతన్నుంచి కోరేది ఆవేశమే గాని సమాచారం కాదు.

సమాచారం చెప్పే పని అట్లాంటివారికే అప్పగిస్తే ఏమవుతుందో జహీరాబాదు దగ్గర మాచ్నూరులో చూడవచ్చు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పూనికతో 2008 అక్టోబరులో అక్కడ సంఘం రేడియో మొదలైంది. దళిత స్త్రీలే రికార్డింగు నేర్చారు. విత్తనం గురించో, పాత పాట గురించో, ఏది వినిపించాలో వారే తేల్చుకున్నారు. తేడా యంత్రంలో లేదు. ప్రశ్న ఎవరిదన్నచోట వున్నది.

పంపినదల్లా వార్తేనని నేననను. అభిమానులు చెప్పే వసూళ్ల లెక్కలు నమ్మితే గోదావరి ఎదురు ప్రవహిస్తుంది! లైట్‌మన్ మాటనూ నిర్మాత లెక్కలతో సరిచూడవలసిందే. ఆ శ్రమ వార్తాసంస్థది. అతని పని పోకుండా పేరు దాచడమూ, వాడుకున్నదానికి డబ్బివ్వడమూ దానిదే.

ఒక న్యూస్‌రూములో ఈ మాటే అన్నాను. "బడ్జెట్ లేదండీ" అన్నారు. వీడియోలు పంపమన్న పిలుపు మాత్రం ఆ సాయంత్రం కూడా వారి తెర అడుగున కదులుతూనే వున్నది.